మీరడగండి, మేం చెప్తాం: ఇంటి భాష, సర్కారు భాష

ప్రశ్న: మేం ఎరుకలోళ్ళం. ఇంట్లో అవ్వా తాతా మా భాషే మాట్లాడతారు, నాకు అర్థమవుద్ది కానీ జవాబు తెలుగులోనే ఇస్తా. ఎక్కువ మంది మాట్లాడేదే జాతీయ భాష, అది హిందీ, మిగతావాళ్ళు నేర్చుకోవాల్సిందే అని మా కాలేజీలో ఒక సారు అన్నాడు. నిజమేనా? మాలాంటోళ్ళ భాష ఎప్పటికైనా అధికార భాష అవుద్దా?
(డిగ్రీ విద్యార్థిని, కావలి)

జవాబు: లేదమ్మా, ఆ సారు చెప్పింది తప్పు. మన రాజ్యాంగంలో జాతీయ భాష అనేదే లేదు. 343వ అధికరణం ప్రకారం హిందీ కేంద్రప్రభుత్వం పనులు జరుపుకునే అధికార భాష, అంతవరకే. ఇంగ్లీషుని 15 ఏళ్ళే ఉంచుదాం అనుకున్నారు గానీ 1965లో హిందీ వద్దని మద్రాసు వైపు ఎంత గొడవైందో పెద్దోళ్ళకి గుర్తుండే ఉంటది, చివరికి 1967లో చట్టం సవరించి ఇంగ్లీషుని కూడా ఉంచేశారు. రాష్ట్రం సంగతి అసెంబ్లీ తేల్చుకోవచ్చు, మనకి 1966 చట్టంతో తెలుగు వచ్చింది, 2022లో ఉర్దూ రెండో అధికార భాష అయింది.

ఎక్కువ మంది మాట్లాడేదే పెట్టాలి అనేది కూడా లోకమంతా పాటించే రూలేం కాదు. ఇండోనేషియాలో జావా భాష వాళ్ళే ఎక్కువ, అయినా దాన్ని కాదని మలయ్ నుంచి వచ్చిన భాషని పెట్టుకున్నారు, అది రేవుల్లో బేరసారాలకి అందరూ వాడేదే కాబట్టి ఎవరూ మామీద ఎక్కి కూర్చున్నారు అనుకోలేదు. పాకిస్తాన్ వాళ్ళు ఆ ఆలోచన చెయ్యలా. బెంగాలీ మాట్లాడేవాళ్ళే ఎక్కువున్నా ఉర్దూ ఒక్కటే అన్నారు, 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ కూడా కావాలని అడగడానికొచ్చిన పిల్లల మీద కాల్పులు జరిపారు, 1956లో బెంగాలీని ఒప్పుకున్నారు గానీ అప్పటికే మనసులు విరిగిపోయినాయి.

ఇంక మీ భాష సంగతి. నాకు నిజంగా బాధేసేది ఏందంటే 2011 జనాభా లెక్కల్లో ఎరుకల భాషని తమిళం కింద కలిపేశారు, లంబాడీనైతే హిందీ కింద కలిపేశారు! మీది తమిళానికి దగ్గరి భాషే, కాదన్లేదు, అయినా మీ అవ్వ మాట్లాడేది తమిళం కాదు కదా. పదివేల మంది కూడా లేని భాషల్నయితే 1971 నుంచి విడిగా చూపించడమే మానేశారు. లెక్కలో పేరే లేకపోతే పుస్తకం ఎవరు వేస్తారు, టీచర్ని ఎవరిస్తారు చెప్పండి. సంతాలీ మాట్లాడేవాళ్ళు 70 లక్షల పైనే ఉన్నారు, సొంత లిపి కూడా ఉంది, అంత పెద్ద భాషే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా, అదే 8వ షెడ్యూల్లోకి రావడానికి 2003 దాకా ఆగాల్సొచ్చింది. అందుకని నన్నడిగితే అధికార హోదా కన్నా ముందు మీరు పట్టుకోవాల్సింది 350ఎ అధికరణం. తక్కువ మంది మాట్లాడే భాషల పిల్లలకి ప్రైమరీ చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రం చూడాలని అందులో ఉంది. అంగన్‌వాడీలో మీ భాష తెలిసిన ఆయమ్మ ఒకరుంటే చాలు, పిల్లోడు మొదటిరోజే బెదిరిపోకుండా ఉంటాడు. మీరు కూడా అవ్వకి మీ భాషలోనే జవాబు చెప్పడం మొదలుపెట్టండమ్మా, తప్పులొస్తే రానీండి.

ప్రశ్న: ప్రతి చిన్న భాషనీ అధికార భాష చేసుకుంటా పోతే దేశం నడుస్తదా? ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?
(రిటైర్డ్ ఉద్యోగి, ఒంగోలు)

జవాబు: నడుస్తదండీ. బొలీవియా 2009 రాజ్యాంగంలో స్పానిష్‌తో పాటు 36 స్థానిక భాషల్ని అధికార భాషలుగా రాసుకుంది. అలాగని ప్రతి కాగితం 37 భాషల్లో అచ్చేయాలని కాదు, ప్రతి ప్రభుత్వమూ కనీసం రెండు భాషలు వాడాలి, ఒకటి స్పానిష్, రెండోది ఆ ప్రాంతం జనాన్ని బట్టి. పరాగ్వేలో గ్వారానీ అనే ఆదివాసీ భాషకి 1992 నుంచి స్పానిష్‌తో సమానంగా హోదా ఉంది, అక్కడ ఆదివాసులు కానోళ్ళు కూడా అదే మాట్లాడతారు. ఖర్చంటారా, ఆస్పత్రిలో నొప్పి ఎక్కడుందో చెప్పుకోలేని ముసలామె పక్కన భాష తెలిసినోళ్ళు ఒకరుండేదానికి ఎంతవుద్ది? కోర్టులో ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం చెప్తే అతనికి అర్థమయ్యే భాషలో వివరించాలని చట్టం ఇప్పటికే ఉంది, దాన్ని మిగతా ఆఫీసుల్లోకి కూడా తెమ్మంటున్నాం. భాష కోసం పొట్టి శ్రీరాములు గారు 1952లో ప్రాణం ఇచ్చారు, నెల్లూరు జిల్లాకి ఆయన పేరే పెట్టుకున్నాం, అలాంటి మనం ఇంకొకళ్ళ భాషకి ఖర్చు లెక్క చూడటం నాకైతే మింగుడు పడదు.

ప్రశ్న: మాది మార్కాపురం వైపు లంబాడీ తండా. లెక్కలకొచ్చినోళ్ళు అడక్కుండానే తెలుగు అని రాసుకుని పోతారు. ఏం చెయ్యాలన్నా?
(ఒక పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, ఈసారి జనాభా లెక్క 2027లో, మన వైపు ఫిబ్రవరి నెలలో. మాతృభాష అనే కాలమ్ విడిగా ఉంటది, వేరే ఏ భాషలొచ్చో ఇంకో కాలమ్. మొదటిదాంట్లో లంబాడీ, రెండోదాంట్లో తెలుగు రాయమని చెప్పండి, ఏం రాశారో ఒకసారి చదివించుకోండి. తర్వాత వాళ్ళు పైన దేనికింద కలుపుకున్నా లంబాడీ అని చెప్పినోళ్ళ సంఖ్య పట్టికలో విడిగా వస్తది. తండాలో పెద్దలందరికీ జనవరిలోనే చెప్పి పెట్టండి.