ఉద్యోగం మానేసి పెళ్లి ఫొటోగ్రఫీలోకి రావొచ్చా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఉద్యోగం, 27 ఏళ్లు, చేతిలో మంచి కెమెరా. ఈ పనితో ఇల్లు గడుస్తుందా, మొదట ఏం కొనాలి, పెళ్లిళ్లు తీసీ తీసీ ఫొటోల మీద ఇష్టమే చచ్చిపోతుందా?

నాది రాజమండ్రి. 2009లో ఇంకొకరి స్టూడియోలో లైటు పట్టుకోవడంతో మొదలుపెట్టాను, 2011 నుంచి సొంత షాపు. నాకు తెలిసినవి గోదావరి జిల్లాల పెళ్లిళ్లు. హైదరాబాద్‌లో రేట్లు ఎక్కువ, ఖర్చులూ ఎక్కువే. లెక్క వేసే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే, కాబట్టి ముందు ఆ లెక్కే చెబుతాను.

ఈ మధ్య చేసిన ఒక ఆర్డరు. ముందురోజు పెళ్లికూతుర్ని చేయడం, మర్నాడు పెళ్లి. మాట్లాడుకున్నది 1,20,000. వినడానికి బాగుంది కదా! నాతో వచ్చిన రెండో ఫొటోగ్రాఫర్‌కి 12,000, ట్రెడిషనల్ వీడియో అతనికి 10,000, సినిమాటిక్ తీసే కుర్రాడికి 16,000, డ్రోన్‌కి 7,000. లైట్ బాయ్, కారు, దారిలో టిఫిన్లు కలిపి 6,000. రెండు ఆల్బమ్‌లు డిజైనింగ్‌తో సహా ల్యాబ్‌కి 28,000. వీడియో మిక్సింగ్‌కి 12,000. అన్నీ పోగా చేతిలో మిగిలింది 29,000. షాపు అద్దె, కెమెరా వాయిదా, హార్డ్‌డిస్కులు, వానాకాలం చెమ్మకి లెన్సులో ఫంగస్ పడితే బాగుచేయించే ఖర్చు, అన్నీ అందులోంచే. పైగా ఆ 29,000 రెండు రోజుల కూలి అనుకోకండి. ఫొటోలు ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ దిద్దించడం కలిపితే నాకు పన్నెండు పదమూడు రోజులు పట్టింది.

ఇక ఆ డబ్బు ఎప్పుడొస్తుందనేది ఇంకో కథ. పెళ్లయ్యాక బాకీలు తీర్చే వరసలో క్యాటరింగ్ ముందు, డెకరేషన్ తర్వాత, సన్నాయి మేళం ఆ తర్వాత, అందరికంటే ఆఖర్న ఫొటోగ్రాఫర్. ఎందుకంటే మన సరుకు ఇంకా మన దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదని వాళ్ల ధీమా. 2,500 ఫొటోలు పంపి, ఆల్బమ్‌కి 300 ఏరి చెప్పండని అంటే ఆరు నెలలు పలకరు. అడిగితే, ‘మా ఆడపడుచు అమెరికాలో ఉందండీ, లింకు చూసి చెబుతానంది’ అంటారు. ఒక జంట సెలెక్షన్ పంపేసరికి వాళ్ల బాబు బారసాల కూడా నేనే తీశాను! అప్పట్నించీ నా పద్ధతి మార్చుకున్నాను. తేదీ రాసుకునేటప్పుడు మూడోవంతు, పెళ్లికి ముందురోజు సగం, మిగతాది ఆల్బమ్ ప్రింటుకి వెళ్లేముందు. 90 రోజుల్లో సెలెక్షన్ రాకపోతే నేనే ఏరి ప్రింటు చేయిస్తాను. ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తాను. మొదట్లో మొహమాటపడ్డాను. మొహమాటానికి పోయిన డబ్బు లెక్కేస్తే ఒక మంచి లెన్సు వచ్చేది.

కాగితం అన్నాను కాబట్టి ఇంకో మాట. తీసినవాడిదే హక్కు అని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. మీ ప్రచారానికి ఫొటో పెట్టుకోవాలంటే ఆ ముక్క ఒప్పందంలో ఉండాలి. పెళ్లికూతురు వద్దంటే కాగితం ఉన్నా పెట్టకండి, అది వేరే సంగతి. అలాగే ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, మన సేవకి 18 శాతం. గమనించండి, లాభం కాదు, టర్నోవర్. పైన చెప్పినలాంటి ఆర్డర్లు పదిహేడు చేస్తే ఆ గీత దాటిపోతారు.

ఉద్యోగంలోంచి వచ్చేవాళ్లకి అలవాటు లేనిది క్యాలెండరు. జీతం నెలనెలా వస్తుంది, ముహూర్తాలు రావు. ఆషాఢం లేదు, పుష్యం లేదు, మూఢం వస్తే అసలే లేదు. 2024 గుర్తుందా? ఏప్రిల్ నెలాఖరుకే మూఢం వచ్చిపడింది, అది వదిలేసరికి ఆషాఢం. మంచి ఎండాకాలం సీజనంతా పోయి, ఆగస్టులో శ్రావణం వచ్చేదాకా నా డైరీలో ఒక్క పెళ్లి లేదు. ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, పాస్‌పోర్ట్ ఫొటోలతో నెట్టుకొచ్చాను. పాస్‌పోర్ట్ ఫొటో అంటే చులకనగా చూసే ఆర్టిస్టులంటే నాకు నవ్వొస్తుంది. ఆ వేసవిలో మా ఇంట్లో బియ్యం తెచ్చింది ఆ తెల్ల బ్యాక్‌గ్రౌండే. 2020 సంగతైతే చెప్పక్కర్లేదు. లాక్‌డౌన్, ఆ తర్వాత పెళ్లికి 50 మందే అన్న నిబంధన. అడ్వాన్సులు వెనక్కివ్వమని ఫోన్లు. సగం ఇచ్చాను, సగం తేదీ మార్చుకున్నారు. అందుకే, ఎనిమిది నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా రాజీనామా ఇవ్వకండి.

ఏం కొనాలి? రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా, ప్రతి ఫొటో రెండింట్లోనూ పడేలా పెట్టుకోవాలి. నా పాత కెమెరాలో ఒకటే స్లాటు ఉండేది. ఒక పెళ్లిలో కార్డు చెడిపోయింది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగొచ్చాయి, తలంబ్రాలు మాత్రం రాలేదు. ఆ ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పడానికి వీధి చివర బండాపి పావుగంట నిలబడ్డాను. తర్వాత మనుషుల ముఖాలు తీయడానికి ఒక 85 ఎంఎం లెన్సు, ఎఫ్/1.8ది చాలు. డ్రోన్ కొనకండి, అద్దెకి తెచ్చుకోండి. నిబంధనలు తెలిసిన మనిషి దాంతోపాటే వస్తాడు. ఇంకోటి, ఇప్పుడు ప్రతి రిసెప్షన్‌లోనూ వెనక ఎల్‌ఈడీ వాల్ పెడుతున్నారు. షటర్ వేగంగా పెడితే ఫొటోలో అడ్డచారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లకి సెకనులో 1/50, 1/100 వంతు షటర్ క్షేమం. వాల్ విషయం మాత్రం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. జనం రాకముందే నాలుగైదు స్పీడుల్లో తీసి, జూమ్ చేసి చూసుకోవాలి.

ఇక మీ మూడో ప్రశ్న. దానికి ముందు నేను తప్పిన ఒక ఫొటో గురించి చెప్పాలి.

అన్నవరం కొండమీద, తెల్లవారుజాము ముహూర్తం. అక్కడ ఒకే ముహూర్తానికి పక్కపక్కనే ఎన్నో పెళ్లిళ్లు అవుతాయి. అప్పటికి నాకు రెండేళ్ల అనుభవం. గట్టిమేళం మోగగానే నొక్కాలి, అంతే కదా అనుకునేవాణ్ణి. చెవి మేళానికి అప్పగించి, ఫ్లాషు సరిచేసుకుంటూ తల దించాను. పక్క పందిళ్లలో మేళాలు అప్పటికే మోగుతున్నాయి, అన్నీ కలిసి ఒకటే హోరు. మా పంతులుగారు మా మేళంవాళ్లవైపు చెయ్యెత్తిన సంగతే నాకు తెలియలేదు. తలెత్తేసరికి జీలకర్ర బెల్లం నెత్తిన ఉంది, తెర దించేశారు, అక్షింతలు పడుతున్నాయి. పెళ్లికూతురి మేనమామ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ‘మళ్లీ ఒకసారి పెట్టించండి’ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. తాళి కడుతున్న పెళ్లికొడుకుని ‘ఒక్క ముడి దగ్గర ఆగండి, ఇటు చూడండి’ అనే ఫొటోగ్రాఫర్లున్నారు. వాళ్ల ఫొటోలు బాగానే వస్తాయి. నాకు మాత్రం అది పెళ్లి ఆపడంలాగే ఉంటుంది.

ఇప్పుడు మండపానికి వెళ్లగానే ముందు పంతులుగారికి నమస్కారం పెడతాను. ‘తెర ఎటువైపు దింపిస్తారండీ, తాళి కట్టేటప్పుడు అబ్బాయిని ఎక్కడ నిలబెడతారండీ’ అని అడిగి తెలుసుకుంటాను. ముహూర్తం దగ్గరపడితే ఆయన కుడిచేతి మీదనుంచి నా చూపు కదలదు. తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద, దానిమీద ఎదుటివాళ్ల చెయ్యి. పంతులుగారు ఆ చేతిని కదలనివ్వరు. సరిగ్గా అప్పుడు తెర జారుతుంది. చెయ్యి కదలదు, తల కదలదు. పోజు పెట్టడానికి వాళ్ల దగ్గర కళ్లు తప్ప ఏమీ మిగలవు. రెండు సెకన్లు, మహా అయితే మూడు. ఆ తర్వాత నవ్వులు, ఫోన్లు, అక్షింతలు, అందరూ అందరికీ అడ్డం. ఆ రెండు సెకన్లలో ఇప్పటికీ నా గుండె దడదడమంటుంది. ఇష్టం చచ్చిపోయిందా అంటే, అక్కడ మాత్రం చావలేదు.

వేరేచోట చచ్చింది. 2015 ప్రాంతంలో ప్రీవెడ్డింగ్‌లకి వెళ్తే ఏడుపొచ్చేది. కడియం నర్సరీల్లో అవే పూలు, గోదావరి మీది పాత హేవ్‌లాక్ రైలు వంతెన వెనక అదే సూర్యాస్తమయం. ‘అన్నా, సేమ్ ఇలాగే కావాలి’ అని ఫోన్‌లో చూపించే ఫొటో కూడా అదే. ఇప్పుడు వాదించను. వాళ్లడిగింది ముందు తీసిచ్చేసి, ఆఖరి అరగంట నాకిమ్మంటాను. ఆ అరగంటలో తీసిందే చాలాసార్లు ఆల్బమ్ అట్టమీదకి వస్తుంది.

స్టేజీమీద లైను ఫొటోలంటే ఇంకా చిరాకు ఉండేది. వరసగా వస్తారు, అక్షింతలు వేస్తారు, కవరు ఇస్తారు, నిలబడతారు, వెళ్తారు. మూడు గంటలు అదే పని. ఆ పని కుర్రాళ్లకి వదిలేసి నేను కిందికి దిగి ‘ఆర్ట్’ తీసుకునేవాణ్ణి. ఒకరోజు ఒక అబ్బాయి షాపుకొచ్చాడు. వాళ్ల నాన్న పోయి నాలుగు రోజులైంది, పెద్దకర్మకి పటం కట్టించాలి, ఫోన్‌లో ఒక్క మంచి ఫొటో లేదు. ‘మా బాబాయి కూతురి పెళ్లి మీరే తీశారండీ, అందులో ఉంటారు’ అన్నాడు. ఇద్దరం కూర్చుని వెతికాం. స్టేజీ ఫొటోలో ఉన్నారు, కానీ ముందున్న ఆవిడ చేతిలోని గిఫ్టు ప్యాకెట్టు ఆయన గడ్డాన్ని కప్పేసింది. ఇంకోదాంట్లో కళ్లు మూసుకున్నారు. నా ‘ఆర్ట్’ ఫొటోల్లో ఆయన వెనకాల మసకలో ఒక చొక్కా. చివరికి భోజనాల దగ్గర దొరికారు, పులిహోర కలుపుతూ ఎవరో పిలిస్తే తలెత్తిన క్షణం. విస్తరి కత్తిరించి, వెనక నీలం రంగు వేసి ఇచ్చాను. అది తీసింది కూడా నేను కాదు, మా వీడియో అబ్బాయి ఊరికే నొక్కాడు.

అప్పట్నించీ ప్రతి పెళ్లిలోనూ, ముహూర్తానికి ముందో భోజనాల తర్వాతో ఒక పావుగంట చూసుకుని, కల్యాణ మండపంలో ఏదో ఒక కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేస్తాను. రెండువైపులా పెద్దవాళ్లని ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెడతాను. ఫ్లాషు లేదు, ఆ 85 లెన్సు, కిటికీ వెలుతురు, అంతే. ‘నన్నెందుకురా, పెళ్లికూతుర్ని తియ్యి’ అంటూనే పైట సర్దుకుంటారు. ఒక మామ్మగారు కూర్చుని చాలాసేపు ఆలోచించి, ‘కళ్లజోడు తియ్యమంటావా, ఉంచమంటావా?’ అని అడిగింది. ఉంచండి మామ్మగారూ అన్నాను. ‘ఉంచితే మా ఆయనలా కనిపిస్తానంటారు’ అని నవ్వింది. ఆ నవ్వే తీశాను.

ఆ ఫొటోలకి డబ్బు తీసుకోను. 8×12 ప్రింటు వేసి ఆల్బమ్ బ్యాగులో పెట్టేస్తాను, ముందు చెప్పను కూడా. పుణ్యానికి చేస్తున్నానని అనుకోకండి. షష్టిపూర్తి ఆర్డర్లు, ఇంటికి పిలిచి కుటుంబమంతా తీయించుకునే పోర్ట్రెయిట్ ఆర్డర్లు నాకు వచ్చేది ఎక్కువగా ఆ ప్రింట్ల వల్లే. మూఢంలో కూడా ఆగని పని అది. స్టేజీ లైను కూడా ఇప్పుడు నేనే తీస్తున్నాను, గిఫ్టు ప్యాకెట్లు కిందికి దింపిస్తూ.

మర్చిపోయాను, మీకు పెళ్లయితే ఇంట్లో ఆవిణ్ణి కూడా అడగండి. పెళ్లికూతురు ముస్తాబయ్యే గదిలోకి నేను వెళ్తే గదంతా బిగుసుకుపోయేది. మా ఆవిడ చేతికి కెమెరా ఇచ్చాక ఆ గది ఫొటోలే మారిపోయాయి. ఇది కొత్త తెలివేమీ కాదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఈ సీజన్‌లో మీ దగ్గర్లో ఉన్న ఏ స్టూడియోనైనా అడిగి, రెండో మనిషిగా పది పెళ్లిళ్లకి వెళ్లండి. తెల్లవారుజాము ముహూర్తాలున్నవి అడిగి మరీ వెళ్లండి, ఒళ్లు ఏమంటుందో తెలుస్తుంది. లేసుల బూట్లు మాత్రం వేసుకెళ్లకండి, మండపం ఎక్కిన ప్రతిసారీ విప్పాలి.