టెక్ సందేహాలు: చిన్న మిల్లింగ్ మెషిన్‌కి డిజిటల్ స్కేళ్లు

ప్రశ్న: మాది హనుమకొండ. రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో, తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే చిన్న బెంచ్ మిల్లింగ్ మెషిన్ పెట్టుకున్నాను. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే పీసు బిగించే టేబుల్ 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. చుట్లు లెక్కపెట్టుకోవడంలో పొరపాటై మొన్న రెండు పీసులు పాడయ్యాయి. మూడు వైపులకూ డీఆర్వో (డిజిటల్ రీడౌట్, అంటే టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపే స్కేళ్లు, డిస్‌ప్లే) సెట్టు అడిగితే మెషిన్ ధరలో సగం చెప్తున్నారు. వెయ్యి లోపు దొరికే డిజిటల్ వెర్నియర్లు కోసి బిగిస్తే పనవుతుందా?

జవాబు: అవుతుంది సార్. ఇంటి షెడ్డులో ఉండే మెషిన్‌కి డబ్బు పెడితే ముందు దీనికే పెట్టాలని నా అభిప్రాయం. హ్యాండిల్ మీది డయల్ స్క్రూ ఎంత తిరిగిందో చెప్తుంది కానీ టేబుల్ ఎంత జరిగిందో చెప్పదు. స్క్రూకీ నట్టుకీ మధ్య ప్లే, అంటే కొంచెం లూజు, ఎప్పుడూ ఉంటుంది. చిన్న మెషిన్లలో 0.1, 0.2 మిల్లీమీటర్ల ప్లే మామూలే. స్కేల్ నేరుగా టేబుల్‌నే కొలుస్తుంది కాబట్టి చుట్ల లెక్కా పోతుంది, ప్లే లెక్కా పోతుంది. కానీ ప్లే మాత్రం మెషిన్‌లో అలాగే ఉంటుంది. కట్టర్ టేబుల్‌ని తన వైపు లాక్కుంటే అంకె కూడా దానితోపాటే జరుగుతుంది. అందుకే కోత మొదలుపెట్టే ముందు, కదిలించని వైపు లాక్ బిగించే అలవాటు మానకండి.

ఈ స్కేళ్లు 0.01 వరకు చూపిస్తాయి. చూపించిందంతా నిజం అనుకోవద్దు. 150 మిల్లీమీటర్ల వెర్నియర్‌లో 0.02, 0.03 తేడా ఉండొచ్చు. బేరింగ్ ఫిట్టింగుకి బోర్ చేయాలంటే మైక్రోమీటర్ వాడాల్సిందే. రంధ్రాల దూరాలకూ, గాడి లోతులకూ ఇది బాగా సరిపోతుంది.

ముందు పైకీ కిందికీ జరిగే హెడ్‌కి, అంటే జెడ్‌కి బిగించండి. చాలా చిన్న మెషిన్లలో హెడ్‌ని దించే ఫైన్ ఫీడ్‌లోనే లూజు ఎక్కువ. లాభం అక్కడే ముందు కనిపిస్తుంది. జెడ్‌కీ, ముందుకూ వెనక్కూ జరిగే వైకీ వెర్నియర్ కోసి వాడుకోవచ్చు. కుడిఎడమలకి జరిగే పొడవైన ఎక్స్‌కి మాత్రం కోయడం వద్దు. మెషిన్‌కి బిగించడానికే రంధ్రాలతో తయారైన బార్ స్కేల్ దొరుకుతుంది, లోపలి పద్ధతి ఒకటే. వెర్నియర్ ఉక్కు గట్టిపరిచినది, హ్యాక్సా బ్లేడు దాని మీద జారిపోతుంది. గ్రైండర్ కటింగ్ డిస్క్‌తోనే దవడలు తీసేయాలి. డిస్‌ప్లే ఉన్న ముక్కని ముందే జారదీసి పక్కన పెట్టండి, లేకపోతే గ్రైండింగ్ పొడి లోపలికి పోతుంది. బార్‌కి తడిగుడ్డ చుట్టి, ఆగి ఆగి కోయండి. ఎందుకంటే దాని మీద సన్నటి పట్టీ జిగురుతో అతికించి ఉంటుంది, వేడెక్కితే లేచిపోతుంది.

ఇక బిగింపు సంగతి. చవక స్కేల్ బాగా పనిచేసేదీ పనిచేయనిదీ ఇక్కడే తేలుతుంది. స్కేల్ కొంచెం వంకరగా ఉంటే అంకెలు తప్పుతాయని చాలామంది టెన్షన్ పడతారు. లెక్క వేసి చూడండి. 300 మిల్లీమీటర్ల స్కేల్ ఒక చివర 1 మిల్లీమీటర్ పక్కకి ఉంటే కొలతలో వచ్చే తేడా 0.002 కూడా ఉండదు. 3 మిల్లీమీటర్లు పక్కకి పోయినా 0.015 మాత్రమే. అసలు ఇబ్బంది వేరే. వంకరగా ఉన్న బార్ మీద డిస్‌ప్లే ముక్క ఒక చోట హాయిగా జారుతుంది, ఇంకో చోట పట్టేస్తుంది. పట్టేసిన చోట దాన్ని పట్టుకున్న బ్రాకెట్ వంగుతుంది. టేబుల్ 0.1 జరిగినా అంకె కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. అందుకే డయల్ గేజ్‌ని హెడ్‌కి పట్టించి, సూదిని బార్ అంచుకి ఆనించి, టేబుల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నడపండి. ముల్లు 0.1 లోపు ఉంటే చాలు. ముందు పైఅంచు, తర్వాత పక్క ముఖం, రెండూ చూసుకోవాలి. కింద పలుచటి షిమ్ ముక్కలు పెట్టి సరిచేయండి.

బ్రాకెట్‌కి రేకు ముక్క వాడొద్దు. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం యాంగిల్ తీసుకోండి. బిగించాక ఒక పరీక్ష ఉంది. టేబుల్ లాక్ చేసి, డిస్‌ప్లే ముక్కని బొటనవేలితో అటూ ఇటూ నొక్కండి. అంకె 0.01 కంటే ఎక్కువ మారి, వేలు తీసినా వెనక్కి రాకపోతే ఎక్కడో బోల్టు వదులుగా ఉందని అర్థం. కాజీపేటలో మా మేనమామ షెడ్డులో ఇదే పరీక్షలో 0.08 మారింది. విప్పి చూస్తే బ్రాకెట్ బోల్టు కింద పెయింటు పొర నలిగి ఉంది. ఆ చోట పెయింటు గీకి ఇనుము మీదే కూర్చోబెట్టాక అంకె నిలబడింది.

జిబ్‌లు, అంటే టేబుల్ జారే గాడుల్లో లూజు తీసే పట్టీలు, కూడా సరిచూసుకోండి. అవి లూజుగా ఉంటే టేబుల్ కొంచెం మెలి తిరుగుతుంది. స్కేల్ ఒక పక్కన, కట్టర్ 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ తిరుగుడు నేరుగా కొలతలోకి వచ్చేస్తుంది. ఎక్స్ స్కేల్‌ని టేబుల్ వెనక పెడితే దాని మందమంత వై ప్రయాణం తగ్గుతుంది. ముందు వైపు పెడితే లాక్ స్క్రూలకి అడ్డం రావొచ్చు. మీ మెషిన్‌లో ఏది నష్టం తక్కువో చూసుకోండి. నేనైతే ముందు వైపే పెడతాను.

బార్ మీద పట్టీకీ, డిస్‌ప్లే ముక్కకీ మధ్య విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పుని బట్టి ఈ స్కేళ్లు కొలుస్తాయి. అందుకే నీళ్లు వీటికి బద్ధశత్రువు. నీళ్లలో కలిపే కూలెంట్ ఒక్క చుక్క మధ్యలోకి పోతే అంకెలు పిచ్చిగా మారతాయి. కటింగ్ ఆయిల్‌తో అంత ప్రమాదం లేదు. రెండింటి విద్యుత్ స్వభావంలో చాలా తేడా ఉంది, నీటి డైఎలెక్ట్రిక్ విలువ 80 దాకా ఉంటే నూనెది 2, 3 మాత్రమే. అయినా బార్ మీద గొడుగులా ఒక యాంగిల్ పెట్టండి, ఇనుప పొట్టు కూడా ఆగుతుంది.

బటన్ సెల్‌తో విసుగొస్తుంది. చవక వెర్నియర్‌లో డిస్‌ప్లే ఆపినా లోపలి చిప్ కరెంటు తాగుతూనే ఉంటుంది. రెండు వైర్లు బయటికి తీసి, ఒక మామూలు 1.5 వోల్టుల డబుల్ ఏ సెల్ హోల్డర్ తగిలించండి. బటన్ సెల్ కంటే పదిరెట్లకు మించి నిలుస్తుంది. మోటార్ ఆన్ చేయగానే అంకెలు దూకితే, సెల్ వైర్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, ఆ వైర్లని మోటార్ కేబుల్‌కి దూరంగా నడపండి.

మన ఎండాకాలం గురించి కూడా చెప్పాలి. మే నెలలో మీ రేకుల షెడ్డు 42 డిగ్రీలకి పోతే ఉక్కు పీసుకి ఇబ్బంది లేదు, స్కేలూ అదీ దాదాపు ఒకేలా సాగుతాయి. అల్యూమినియం రెట్టింపు సాగుతుంది. ఆ వేడిలో స్కేల్ చూసి సరిగ్గా 200 మిల్లీమీటర్లకి కోసిన అల్యూమినియం ముక్క 20 డిగ్రీల గదిలోకి వెళ్తే సుమారు 0.05 తక్కువ వస్తుంది. అలాంటి పని పొద్దున్నే చేసుకోండి.

ప్రశ్న: సిరిసిల్లలో పవర్‌లూమ్ స్పేర్లు చేస్తాను. ఉత్త స్కేళ్లే ఉన్నాయి, లెక్కలు కట్టే డిస్‌ప్లే పెట్టె లేదు. 60 మిల్లీమీటర్ల పీసీడీ (రంధ్రాల మధ్యబిందువులు పడే వృత్తం వ్యాసం) మీద సమాన దూరంలో ఆరు రంధ్రాలు ఎలా వేయాలి?

జవాబు: పీసు మధ్యబిందువు దగ్గర రెండు స్కేళ్లనీ జీరో చేయండి. మొదటి రెండు రంధ్రాలు ఎక్స్ మీద 30, మైనస్ 30, వై జీరో. మిగతా నాలుగూ ఎక్స్ 15 లేదా మైనస్ 15, వై 25.98 లేదా మైనస్ 25.98. పీసీడీ మారితే సగం వ్యాసాన్ని 0.5తో, 0.866తో గుణించుకోండి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి రంధ్రం దగ్గరికి రండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. మూడు స్కేళ్ల అంకెలూ పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో పెద్దగా కనిపించేలా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. టచ్‌డీఆర్వో అనే యాప్ ఇందుకే ఉంది. బ్లూటూత్ ఉన్న చిన్న బోర్డు స్కేళ్లని చదివి ట్యాబ్‌కి పంపుతుంది. మూడు జాగ్రత్తలు తప్పవు. 1.5 వోల్టుల స్కేల్ సిగ్నల్‌ని 3.3 వోల్టుల బోర్డు సరిగ్గా గుర్తించదు, మధ్యలో ట్రాన్సిస్టర్‌తో వోల్టేజీ పెంచాలి. కొన్ని స్కేళ్లకి యూఎస్‌బీలా కనిపించే సాకెట్ ఉంటుంది, అది యూఎస్‌బీ కాదు, అందులో ఫోన్ చార్జర్ పెడితే స్కేల్ కాలిపోవచ్చు. చాలా చవక వెర్నియర్లలో సెల్ ప్లస్ వైపు ఉక్కు బార్‌కే కలిసి ఉంటుంది. బోర్డు మైనస్ ఎక్కడైనా మెషిన్ ఎర్త్‌కి తగిలితే షార్ట్ అవుతుంది. అందుకని బార్ కింద ప్లాస్టిక్ షీటు, బోల్టులకి ప్లాస్టిక్ వాషర్లు వేసి, బోర్డుని పవర్ బ్యాంక్ మీద నడపండి.