కారానికి రంగు లేదు

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మాయీ,

మూలకాలు, సంయోగ పదార్థాలు, మిశ్రమాల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటిసారి చదివినప్పుడు మూడో పేజీలో కోపం వచ్చి పక్కన పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్ళీ తీస్తే ఏడో పేజీలో కళ్ళు చెమర్చాయి. ఆ రెండు చోట్ల గురించే ఈ ఉత్తరం. నీ భాష తేటగా ఉంది, అది నీకూ తెలిసే ఉంటుంది.

ముందు కోపం సంగతి. "హీలియం అనే మూలకం పుట్టింది మన గుంటూరులోనే" అని రాశావు. ఈ వాక్యాన్ని నేను నలభై ఏళ్ళుగా పేపర్లలో చదువుతున్నాను. ఊరి మీద ప్రేమతో రాస్తారని తెలుసు. నాకూ ఆ ప్రేమ ఉంది, నేను చదువుకున్నది ఆ ఊళ్ళోనే. కానీ ఆ వాక్యం వల్ల గుంటూరులో నిజంగా జరిగిన గొప్ప పని మరుగున పడిపోతోంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ అంత దూరం ఓడలో వచ్చి గుంటూరులో దూరదర్శిని బిగించాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పినప్పుడు అంచున ఎగసే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీసి చూశాడు. కనిపించిన గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, వీటిని చూడటానికి గ్రహణంతో పనేముంది అని ఆయనకు తట్టింది. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్ళీ చూశాడు. గుంటూరు గర్వపడాల్సింది ఆ మర్నాటి సంగతికి. ఆ గ్రహణాన్నే మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పాగ్సన్ కూడా చూశాడు. వేడెక్కిన ఒక్కో మూలకం వెలుగులో దాని గీతలు దానివే. ఆ జ్వాలల వెలుగులో పసుపు గీత ఒకటి చాలామందికి కనిపించింది. అది సోడియంది కాదనీ, దాని చోటు వేరనీ తేల్చింది ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త. ఆయన గ్రహణం లేకుండా ఆ గీతలను చూసింది అక్టోబరులో. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్న మాట వచ్చింది ఆయన వల్లే.

అయినా చాలామంది కెమిస్టులు ఒప్పుకోలేదు. గీత కనబడింది సరే, పదార్థం ఏది అన్నారు. 1895లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేశాడు. బయటికొచ్చిన వాయువును గొట్టంలో పట్టి చూస్తే అదే పసుపు గీత. అప్పుడు ఒప్పుకున్నారు. మధ్యలో 27 ఏళ్ళు గడిచాయి. నీ వ్యాసంలో ఆ 27 ఏళ్ళు లేవు. అవి లేకపోతే మూలకం అంటే ఏమిటో చదివేవాడికి తెలియదు.

నా పట్టుదల ఒక్కటే, దాన్ని ఎన్నిసార్లయినా చెబుతాను. రసాయన శాస్త్రంలో పేరు చివర వస్తుంది. ముందు వడకట్టాలి, కాచాలి, కరిగించాలి, కాల్చాలి, కరెంటు పంపాలి. అవన్నీ చేశాక ఇంకా విడిపోకుండా మిగిలిందానికి మూలకం అని పేరు. నువ్వు మొదటి పేజీలోనే "ఒకే రకమైన పరమాణువులు గలది మూలకం, రెండు లేదా అంతకంటే ఎక్కువ మూలకాలు నిర్ణీత నిష్పత్తిలో కలిసినది సంయోగ పదార్థం, ఏ నిష్పత్తిలోనైనా కలిసినది మిశ్రమం" అని మూడు నిర్వచనాలు పేర్చావు. తప్పేం లేదు, పరీక్షలో మార్కులు పడతాయి. అయితే అవి ఎవరో వందేళ్ళు చేసిన పనికి వచ్చిన జవాబులు. పని చూపించకుండా జవాబు చేతిలో పెడితే పాఠకుడు బట్టీ పడతాడు, అంతే.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజే 1789లో మూలకాల జాబితా వేసినప్పుడు అందులో 33 పేర్లున్నాయి. వెలుగు ఉంది, వేడి ఉంది, సున్నం కూడా ఉంది. ఆయనకు తెలివి చాలక కాదు. పిడుగురాళ్ళ బట్టీల్లో మనవాళ్ళు చేసే పనే అప్పుడు వాళ్ళూ చేసేవాళ్ళు. సున్నపురాయిని కాలిస్తే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడు) పోయి పొడి సున్నం మిగులుతుంది. రాయి శుద్ధంగా ఉంటే వంద కిలోలకు 56 కిలోలు మిగులుతుంది, తక్కిన 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి. అంటే రాయి విడిపోయింది. మిగిలిన సున్నాన్ని ఇంకెంత కాల్చినా విడిపోలేదు. విడిపోనిది మూలకం కాబట్టి సున్నమూ మూలకమే అని రాశాడు. ఇలాంటి మట్టి పదార్థాలు లోహాలు ఆక్సిజన్‌తో కలిసిన ఆక్సైడులు కావచ్చని ఆయనకు అనుమానం ఉండేది. తేల్చుకోవడానికి సాధనం లేదు, ఆయుష్షూ లేకపోయింది. 1794లో ఆయన తల తీశారు. 1808లో హంఫ్రీ డేవీ సున్నంలోకి కరెంటు పంపి కాల్షియం అనే లోహాన్ని బయటికి తీశాడు. ఆ రోజుతో సున్నం మూలకాల జాబితాలోంచి సంయోగ పదార్థాల్లోకి మారింది. తమలపాకుకు రాసుకునే సున్నంలో ఏ మార్పూ రాలేదు, మారింది మనిషి చేతిలోని పనిముట్టు. గుంటూరు జిల్లాలో పుట్టి మూలకాల మీద వ్యాసం రాస్తూ సున్నపు బట్టీని వదిలేశావే అని నా బాధ.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. 1981లో నా వ్యాసం ఒకటి అచ్చయింది. అందులో ఇత్తడి సంయోగ పదార్థం అని రాశాను. మిశ్రమంలో దేని గుణం దానికి ఉంటుంది కదా, ఇత్తడిలో రాగి ఎరుపూ లేదు, తుత్తునాగం (జింకు) బూడిద రంగూ లేదు, కాబట్టి ఇది సంయోగ పదార్థమే అని కుర్చీలో కూర్చుని వాదించాను. పది రోజులకు ఇత్తడి పోత పోసే ముసలాయన ఒకాయన పేపరు చేత్తో పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చదువు రాదు, మనవడి చేత చదివించుకున్నాడు. "బాబూ, రాగి ఎక్కువ పడితే ఎరుపు తిరుగుద్ది, తుత్తునాగం ఎక్కువైతే పాలిపోద్ది. గంటకో పాళ్ళు, బిందెకో పాళ్ళు. మీరేమో ఒకటే లెక్కంటిరి" అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇత్తడిని ఒక్కసారి కూడా కరిగించి చూడని మనిషి ఇత్తడి గురించి తీర్పు చెప్పాడన్న సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఇదే తగాదా ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు ప్రూస్ట్‌కూ బెర్తొలేకూ మధ్య ఏళ్ళ తరబడి నడిచిందని. రాగి కార్బనేటును భూమిలోంచి తవ్వి తీసినా, గాజు పాత్రలో చేసినా అందులో పాళ్ళు ఒకటేనని ప్రూస్ట్ 1799లో చూపించాడు. మిశ్రమ లోహాల సంగతేమిటి, గాజు సంగతేమిటి, వాటిలో పాళ్ళు మారుతున్నాయిగా అని బెర్తొలే అడిగాడు. అవి సంయోగాలు కావు, మిశ్రమాలు అని ప్రూస్ట్ జవాబు. గెలుపు ప్రూస్ట్‌దే. కానీ బెర్తొలే మాటలోనూ కొంత నిజం మిగిలింది. ఇనుము ఆక్సైడు ఒకదానిలో ఇనుము ఉండాల్సిన లెక్క కంటే కాస్త తక్కువే ఉంటుంది. అలాంటివాటిని ఇప్పటికీ ఆయన పేరుతో బెర్తొలైడ్లు అంటారు. మూడు గదులు కట్టి ప్రపంచాన్నంతా సర్దేశామని నువ్వు రాసినంత తేలిగ్గా లేదు ఈ వ్యవహారం.

ఆ ముసలాయన సంగతి రాసి నా తప్పు దిద్దుకుంటూ మరో వ్యాసం పంపాను. ఆ వారపత్రిక ఎడిటరు దాన్ని సగం కోసేశాడు. ప్రయోగాలున్న పేరాలన్నీ పోయాయి, నిర్వచనాలు మిగిలాయి. "పాఠకుడికి ఇదంతా ఎందుకండీ, విషయం చెప్పండి" అన్నాడు. పైగా నేను అంతటా సంయోగ పదార్థం అని రాస్తే సగం చోట్ల సమ్మేళనం అని మార్చి, తక్కిన సగం అలాగే వదిలేశాడు. రెండూ వేర్వేరనుకుని పిల్లలు నాకు ఉత్తరాలు రాశారు. మనవాళ్ళకు సమ్మేళనం అంటే కవులు కూడే సభ. ఆ మాట వింటే రెండు పదార్థాలు కలిసి తమ రూపు పోగొట్టుకున్నాయని ఎవరికి తోస్తుంది? ఎవరెన్ని చెప్పినా నువ్వు ఒకే మాట పట్టుకో, చివరిదాకా అదే వాడు. ఇప్పుడు ఆ ఎడిటర్లు పోయి "మీకు తెలుసా" అనే డబ్బాలు వచ్చాయి, "రసాయనాలు లేని సబ్బు" అనే రాతలు వచ్చాయి. ఆ సబ్బులో నీళ్ళు కూడా లేవా? నీ వ్యాసంలో రెండు చోట్ల రసాయనం అన్న మాటను విషం అన్న అర్థంలో వాడావు. కొట్టెయ్.

శుద్ధం అన్న మాటతో కూడా జాగ్రత్త. దుకాణంలో శుద్ధం వేరు, ల్యాబులో శుద్ధం వేరు. నువ్వు మూలకానికి ఉదాహరణగా ఇచ్చిన బంగారు గాజు మీద 916 అని ఉంటుంది. వెయ్యి పాళ్ళలో 916 బంగారం, మిగతాది రాగో వెండో. తాగే నీళ్ళు సంయోగ పదార్థం అన్నావు, మీ బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎక్కడిది? పాలు ఎంత చిక్కటివైనా మిశ్రమమే.

ఉదాహరణ కావాలంటే వంటింట్లోకి వెళ్ళి పంచదార పాకం పట్టు. అమ్మ తీగపాకం, ఉండపాకం అని వేలితో చూసి చెబుతుంది కదా, థర్మామీటరు పెట్టి చూడు. ఉత్త నీళ్ళు మరుగుతుంటే 100 డిగ్రీల దగ్గర ముల్లు ఆగిపోతుంది, చివరి చుక్క దాకా కదలదు. పాకం అలా కాదు. నీళ్ళు ఇగిరేకొద్దీ వేడి పైకి పోతూనే ఉంటుంది, ఉండపాకానికి 110 దాటేస్తుంది. మరిగే వేడి అలా కదిలిపోతోందంటే అక్కడున్నది మిశ్రమం. నీళ్ళన్నీ పోయాక పంచదార మిగులుతుంది. స్టవ్ ఆపకుండా ఉంచితే అది ఎర్రబడుతుంది, పొగలొస్తాయి, నల్లబడుతుంది. ఇప్పుడు విడిపోతున్నది పంచదారే, మళ్ళీ దాన్ని వెనక్కి తేలేవు. చివరికి మిగిలిన నల్లటిది చాలావరకు కార్బన్. దాన్ని గాలి తగలకుండా ఎంత కాల్చినా ఇంకో పదార్థంగా విడిపోదు. గాలి తగిలితే ఆక్సిజన్‌తో కలిసి తన కంటే బరువైన వాయువు అవుతుంది. ఒకే మూకుడులో మూడూ చూశావు. మూకుడు తోమడానికి కష్టపడతావు, పరవాలేదు.

ఇక ఏడో పేజీ. "మా నాన్న మిర్చి యార్డు నుంచి రాగానే చొక్కా వాకిట్లో విప్పి దులిపేవాడు. లోపల పడుకున్న మేము నిద్రలోనే దగ్గేవాళ్ళం." ఇది రాసి, వెంటనే "మిరపకాయ కూడా ఒక విజాతీయ మిశ్రమమే" అని తేల్చేసి పారిపోయావు. ఎందుకమ్మా ఆ తొందర? నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఆ చొక్కా మీద ఏముందో విడదీసి చూడు. ఎరుపు ఉంది, అది కాప్సాంథిన్ అనే పదార్థం, కాయ తోలులో ఉంటుంది. కారం ఉంది, అది కాప్సైసిన్. థ్రెష్ అనే ఆయన 1876లో దానికి ఆ పేరు పెట్టాడు. ఒక్కో అణువులో కార్బన్లు 18, హైడ్రోజన్లు 27, ఆక్సిజన్లు 3, నైట్రోజన్ ఒకటి. సన్నం మిరపలోనైనా తేజలోనైనా ఈ లెక్క మారదు, ఎంత ఉందన్నదే మారుతుంది. బ్యాడిగి కాయ ఎర్రగా మెరుస్తుంది, కారం తక్కువ. ఎక్కువ కారం ఉండేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. శుద్ధంగా విడదీసిన కాప్సైసిన్‌కు రంగు లేదు, వాసన లేదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. గుంటూరులో పెరిగినవాడికి ఎర్రగా లేని కారం ఊహకు అందదు. మిమ్మల్ని నిద్రలో దగ్గించినది ఆ ఎర్రటి దుమ్ములో ఉన్న, కంటికి కనబడని, రంగు లేని పదార్థం.

రెండు గ్లాసులు తీసుకుని ఒకదానిలో నీళ్ళు, ఇంకోదానిలో నూనె పోసి కారప్పొడి వెయ్యి. నీళ్ళలో పొడి అడుగుకు దిగుతుంది, నూనె ఎర్రబడుతుంది. ఆవకాయ జాడీలో పైకి తేలే నూనె అంత ఎర్రగా ఎందుకుంటుందో, కారం తిని నీళ్ళు తాగితే మంట ఎందుకు తగ్గదో నీకే తెలుస్తుంది. అప్పుడు మిశ్రమం అన్న మాట రాయి. అప్పుడు ఆ మాట నీది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, ఇంగ్లీషులో కూడా రాయాలా అని అడిగావు. అవి మరోసారి మాట్లాడుకుందాం. ముందు హీలియం పేరా దిద్దు, పది పేజీలు తిరగరాయి. నాన్నగారితో కలిసి ఒక రోజు యార్డుకు వెళ్ళు, ముక్కుకు గుడ్డ కట్టుకో. రంగు తగ్గకుండా కాయను కోల్డ్ స్టోరేజీలో పెడతారు కదా, అక్కడివాళ్ళతో కూడా మాట్లాడు. ఇంటికొచ్చాక అమ్మను ఒక మాట అడుగు. చొక్కా ఉతికి ఎండలో ఆరేస్తే ఆ ఎర్రమరక ఎన్నాళ్ళకు పోయేది? దగ్గు ఎన్ని ఉతుకులకు ఆగేది? రెండూ ఒకేసారి పోయేవా? ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు