పెద్ద ఇంజిన్‌కు చప్పుడు తక్కువెందుకు?

ప్రశ్న: 1980ల్లో బేగంపేటలో మా డాబా మీదుగా విమానం వెళ్తే పక్కనున్న మనిషి మాట వినపడేది కాదు. మొన్న శంషాబాదులో ఎక్కిన ఎయిర్‌బస్ ఏ320 నియో ఇంజిన్లు ఎంతో లావుగా ఉన్నా చప్పుడు తక్కువ, ఇంధనమూ తక్కువే తాగుతాయట. ఇదెలా సాధ్యం? దిగేటప్పుడు మాత్రం హోరు ఎందుకు మిగిలింది?
— ఒక పాఠకుడు, బేగంపేట

జవాబు: మీరు చూసిన లావంతా మంట మండే భాగం కాదు, ఆ గుండ్రటి మూతిలో అధికభాగం ఫ్యాన్‌దే. ఫ్యాన్ లాగిన గాలిలో కొంతే లోపలి కోర్‌లోకి వెళ్లి ఇంధనాన్ని మండిస్తుంది, తక్కినది కోర్ పక్కనుంచి చల్లగానే వెనక్కి పోతుంది. ఆ రోజుల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన బోయింగ్ 737-200 ఇంజిన్‌లో ఈ రెండు వాటాలూ దాదాపు సమానం. నియోకు అమర్చే లీప్ ఇంజిన్‌లోనైతే కోర్‌లోకి ఒక పాలు వెళ్తే పక్కనుంచి సుమారు పదకొండు పాళ్లు వెళ్తాయి.

పెదవులు బిగించి ఊదితే కాస్త గాలే బుస్సుమంటూ వస్తుంది, త్వరగా ఆయాసమూ వస్తుంది. విసనకర్రతో అంతకు ఎన్నో రెట్ల గాలిని చప్పుడు లేకుండా చాలాసేపు విసరవచ్చు. విమానాన్ని తోసే బలం, ఎంత గాలిని ఎంత వేగంతో వెనక్కి నెట్టామన్న దాని మీద ఆధారపడుతుంది గానీ, గాలికి ఇవ్వవలసిన శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. కాబట్టి రెట్టింపు గాలిని సగం వేగంతో నెడితే బలం అంతే ఉండి శక్తి సగమే ఖర్చవుతుంది. చప్పుడు సంగతి మరీ విశేషం: 1952లో బ్రిటిష్ గణితవేత్త జేమ్స్ లైట్‌హిల్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం జెట్ హోరు వేగపు ఎనిమిదో ఘాతంతో పెరుగుతుంది, అందుకే వేగం కొద్దిగా తగ్గించినా చెవికి ఎంతో తేడా తెలుస్తుంది.

అయితే ఫ్యాన్‌ను పెంచుకుంటూ పోవడం తేలిక కాదు. బ్లేడు పొడవు పెరిగితే దాని కొన ధ్వనివేగాన్ని దాటి రంపం కోసినట్లు మోగుతుంది, ఫ్యాన్‌ను తిప్పే టర్బైనేమో (కోర్‌లోని వేడి వాయువుల తాకిడికి తిరిగే చక్రం) వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది. నియోకు మరో రకం ఇంజిన్ తయారుచేసే ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఈ రెంటి మధ్యా గేర్లు పెట్టి, ఫ్యాన్ టర్బైన్ వేగంలో సుమారు మూడో వంతుతో తిరిగేలా చేసింది. లీప్‌లో గేర్లు లేవు; పాత ఏ320ల సీఎఫ్‌ఎం56-5బీ ఇంజిన్ ఫ్యాన్‌లో 36 టైటానియం బ్లేడ్లుంటే, ఇందులో 18 కార్బన్ ఫైబర్ బ్లేడ్లే ఉంటాయి. ఈసారి బస్సు దిగి మెట్లెక్కే ముందు లెక్కపెట్టి చూడండి. మెలితిరిగిన ఆ బ్లేడు వంపు ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటగానే ఉంటుంది. కోర్‌లో పీడనాన్నీ వేడినీ పెంచడం కూడా తోడై, ముందు తరం ఇంజిన్ల కంటే ఇంధనం సుమారు 15 శాతం ఆదా అవుతోంది.

దిగేటప్పుడు ఇంజిన్లు తక్కువ శక్తితోనే నడుస్తాయి కనుక, మీరు విన్న హోరులో చాలా భాగం చాచిన చక్రాలకూ, రెక్క వెనక అంచున కిందికి వాలే ఫ్లాపులకూ గాలి కొట్టుకోవడం వల్ల పుట్టేది. ఏ320 రెక్క కింద ఇంధన ట్యాంకు పీడనం కోసం పెట్టిన గుండ్రటి రంధ్రాలు, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్లు కూత పెట్టేవి. 2014 నుంచి జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా వాటి ముందు చిన్న రేకులు బిగించి, గాలిని చెదరగొట్టి, ఆ కూతను అణచింది.