మాక్స్ సెక్టార్స్ కేబీ విలువను 32767కు పెంచవచ్చా?

ఒంగోలులోని మీ స్టూడియో సర్వర్‌లో పెళ్లి వీడియోలు కాపీ కావడానికి చాలా సమయం పడుతోందని, లినక్స్‌లో మాక్స్ సెక్టార్స్ కేబీ విలువను 1280 నుంచి హార్డ్‌వేర్ గరిష్ఠమైన 32767కు పెంచమని ఎవరో చెప్పారని రాశారు. మీది సాటా హార్డ్‌డిస్కు కాబట్టి అంత పెంచవద్దనే నా సలహా.

ఆ విలువ పైహద్దు మాత్రమే. కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఒక్క రిక్వెస్టులో అంతకు మించి డిస్కుకు పంపదు. అంతేగాని ప్రతి రిక్వెస్టునూ అంత పెద్దది చేయదు. అందువల్ల కాపీ జరుగుతుండగా డిస్కు పనితీరు గణాంకాలు చూపే ఐఓస్టాట్ కమాండ్‌ను ఎక్స్ ఆప్షన్‌తో నడిపి, సగటు రిక్వెస్టు సైజు ఆ హద్దు దాకా వస్తోందో లేదో ముందుగా చూడండి. చదివేటప్పుడు అది 128 కేబీ దగ్గరే ఆగిపోతుంటే, అడ్డుపడుతున్నది బహుశా రీడ్ అహెడ్ కేబీ, అంటే అడగకముందే ఎంత డేటా చదివి ఉంచాలో చెప్పే సెట్టింగ్; దాని డిఫాల్ట్ విలువ 128. నా అనుభవంలో పెద్ద వీడియో ఫైళ్లకు దాన్ని 2048 చేయడమే ఎక్కువ మేలు చేసింది.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్ కెమెరాల రికార్డింగ్ సర్వర్ నేను చూస్తుంటాను. అక్కడ ఈ హద్దును దశలవారీగా పెంచి పరీక్షించినప్పుడు, రైట్ రిక్వెస్టుల సగటు చాలాసేపు 700 కేబీ లోపే ఉండిపోయింది. కారణం మాక్స్ సెగ్మెంట్స్, అంటే ఒక్క రిక్వెస్టులో ఉండగల మెమరీ ముక్కల గరిష్ఠ సంఖ్య: ఆ డిస్కు కంట్రోలర్‌కు అది 168. మెమరీలో పేజీలు (మెమరీని విభజించే చిన్న భాగాలు) పక్కపక్కన దొరకనప్పుడు ఒక్కో సెగ్మెంటులో 4 కేబీ పేజీ ఒక్కటే పడుతుంది కాబట్టి, పైహద్దు ఎంత ఉన్నా 672 కేబీ దగ్గర రిక్వెస్టు తెగిపోతుంది.

పేజీలు వరుసగా దొరికినప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. సెకనుకు 130 ఎంబీ రాయగల డిస్కుకు 32 ఎంబీ రిక్వెస్టు ఒక్కటి పూర్తి కావడానికి దాదాపు పావు సెకను కావాలి. ఆ లోపు ఇంకెవరైనా పాత ఫుటేజీ చూడబోతే వారి రీడ్ వెనకే కాచుకుని ఉండాలి. అక్కడ వీడియో ఆగి ఆగి నడవడం కళ్లారా చూశాను. 1280 కేబీకైతే ఆ నిరీక్షణ పది మిల్లీసెకన్లే. వరుసగా రాసే పనిలో 1 ఎంబీ దాటాక వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ దగ్గర ఒకరు కాపీ చేస్తుండగా మరొకరు అదే డిస్కు మీద ఎడిటింగ్ చేస్తారు కనుక ఈ ఆలస్యమే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తుంది.

బ్యాకప్‌కు వాడే యూఎస్‌బీ డిస్కు సంగతి వేరు. యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ కింద యూఎస్‌బీ 2 పరికరాలకు డిఫాల్ట్ హద్దు 240 సెక్టార్లు, అంటే 120 కేబీయే. అక్కడ పెంచితే ఫలితం కనిపించవచ్చు. అయితే డిస్కును యూఎస్‌బీకి కలిపే కొన్ని పాత బ్రిడ్జ్ చిప్‌లు పెద్ద ట్రాన్స్‌ఫర్లకు తట్టుకోలేక డిస్కును మధ్యలో వదిలేస్తాయి. కాబట్టి ముందు 512 కేబీ దాకా పెంచి, ఇంకో చోట కాపీ ఉన్న ఫైళ్లతోనే పరీక్షించి, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో రీసెట్ ఎర్రర్లు లేవని చూసుకున్నాకే పరికరం గుర్తించగానే సెట్టింగులు అమలు చేసే యూడెవ్ రూల్‌లో రాయండి. రాయకపోతే రీబూట్‌తో పాత విలువే వస్తుంది.