పాత ఆసిలోస్కోప్ విప్పబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు 1960ల నాటి టెక్ట్రానిక్స్ కంపెనీ 547 ఆసిలోస్కోప్‌ను, అంటే విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే పరికరాన్ని, సంపాదించావని, వచ్చే ఆదివారం దాన్ని విప్పబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు చెప్పలేనంత గర్వం కలిగింది. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి, మళ్లీ బిగించి, రెండు స్క్రూలు మిగిల్చిన మనిషి కూతురివి కదా.

సర్వీసు మాన్యువల్ చదువుకోవడం, విప్పే ముందు ఫొటోలు తీసుకోవడం, మెత్తని కుంచెతో దుమ్ము దులపడం నీకు తెలిసినవే. నా భయం వేరు. ఆ పరికరంలో పిక్చర్ ట్యూబుకు అందే వోల్టేజి 10,000 వోల్టులు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా విద్యుత్తును నిలవ ఉంచుకునే ఫిల్టర్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. వాటిని, కరెంటు ప్రవాహాన్ని తగ్గించే రెసిస్టర్ ద్వారా డిస్చార్జి చేసి, అంటే ఖాళీ చేసి, మీటరులో సున్నా చూసిన తర్వాతే లోపల వేలు పెట్టు. రాత్రిపూట ఒంటరిగా ఈ పని చేయవద్దు. ఎర్త్ పిన్ను తీసేస్తే కొలతలు తేలికవుతాయని ఎవరైనా చెబితే వినవద్దు, ఎందుకంటే ఒక్కోసారి నువ్వు ముట్టుకునే లోహపు పెట్టె మొత్తానికీ కరెంటు వస్తుంది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే కంపెనీ చేసిన, వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఆసిలోస్కోప్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. అందులో విడిభాగాలను సర్క్యూట్ బోర్డు మీద కాకుండా, గాడులున్న పింగాణీ పట్టీల మీద సోల్డర్‌తో, అంటే కరిగించి అతికించే లోహపు తీగతో, అతికించి ఉంచారు. పెట్టె లోపల ఒక మూల చిన్న సోల్డర్ చుట్ట కనిపించింది. ఎవరో మెకానిక్ మరిచిపోయాడనుకుని, దాన్ని బయటికి తీసి, ఒక రేడియో తీగలకు వాడేశాను! స్కోపులో పాడైన రెసిస్టర్‌ను మాత్రం నా దగ్గరున్న మామూలు సోల్డర్‌తో అతికించాను. అది సరిగా పట్టలేదు. సోల్డరింగ్ ఐరన్ మళ్లీ పెట్టాను, ఇంకా వేడి చేశాను, నాలుగోసారి గాడిలోని పూత మొత్తం లేచివచ్చి తెల్లని పింగాణీ బయటపడింది. ఆ పూత వెండిది; మామూలు సోల్డర్‌లోని తగరం వెండిని తనలో కరిగించుకుంటుంది. అందుకే సుమారు 3 శాతం వెండి ఉన్న సోల్డర్ వాడమని మాన్యువల్‌లో రాసి, మరమ్మతు చేసేవాళ్ల కోసం ఆ చుట్టను కంపెనీవాళ్లే లోపల అమర్చారు. మా పెద్దాయన పట్టీని చూసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "చుట్ట ఏది?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పట్టీని మార్చడానికి, దాని మీదున్న భాగాలన్నీ విప్పి మళ్లీ అతికించడానికి నాలుగు రోజులు పట్టింది.

కాబట్టి కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చేయాలన్న ఉబలాటం మానుకో. అందులో తప్పు జరిగితే కొత్త దోషమేదో, పాత దోషమేదో తెలియదు. ముందుగా స్కోపు లోపలి భాగాలకు కరెంటు అందించే సప్లైలలో −150 వోల్టులదాన్ని కొలువు. మిగతా సప్లైలన్నీ దాన్నే ఆధారం చేసుకుని నిలబడతాయి. అది సరిగా లేనప్పుడు సర్దుబాటు కోసం ఉన్న చిన్న ట్రిమ్మర్ మరలు తిప్పితే అసలు జబ్బు దాక్కుంటుంది, సరిగా ఉన్న సర్దుబాటూ పోతుంది. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు, తల్లీ; నాకు అనుమానం మన ఇంటి తొందర మీదే.

పెట్టె తెరవగానే ఆ చుట్ట ఉందో లేదో చూడు. ఎవరైనా వాడేసి ఉంటే నా దగ్గరున్నది పంపిస్తాను. −150 ఎంత చూపించిందో ఫోను చేసి చెప్పు, అప్పటిదాకా స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు.

మీ మేనత్త