ఇనుప కొట్టులో క్రికెట్ బ్యాటు ఎందుకు వేలాడేది?

"మేకులు, గడియలు అమ్మే ఇనుప సామాన్ల కొట్టులోనే వాలీబాలు, క్యారమ్ బోర్డు కూడా కొనేవాళ్ళమని మా నాన్నగారు అంటున్నారు. నిజమేనా? అలాంటి కొట్లలో ఇంకా ఏమేమి దొరికేవి?" అని అడిగారు. నిజమే. అలాంటి ఒక కొట్టులో గల్లా పెట్టె పక్కన ఐదారు వేసవి సెలవులు గడిపినవాడిని కాబట్టి కొంచెం విస్తారంగానే చెబుతాను, ఓపిక పట్టండి.

కొట్టు మా మేనమామది. తణుకు దగ్గర కాలువ గట్టున ఒక చిన్న ఊరు. నేను చెప్పేది 1980ల తొలి సగం సంగతి. బోర్డు మీద "ఇనుప సామాన్లు, రంగులు, తాళ్ళు" అని మూడే ముక్కలు ఉండేవి. ఆట వస్తువుల మాట ఎందుకు రాయించలేదని అడిగితే "రేకు చాలలేదురా" అనేవాడు మామయ్య.

ముందు మామూలు సరుకు సంగతి. గుమ్మం బయట నూతి గిలకలు, చేదలు, గమేళాలు, పారలు, గునపాలు. లోపల ఎడమ వైపు చెక్క అరల్లో అర అంగుళం నుంచి ఆరు అంగుళాల దాకా మేకులు. కుడి వైపు తలుపు బందులు, గడియలు, ఆలీగఢ్ తాళాలు, తాపీలు, ఉలులు, రంపాలు, లాంతరు చిమ్నీలు, పెట్రోమాక్స్ దీపానికి వేసే మాంటిళ్ళు. నూతిలో పడిపోయిన చేదను పైకి తీసే పాతాళ గరిగ కూడా ఒకటి ఉండేది. అది అమ్మకానికి కాదు, ఇరుగుపొరుగుకు అరువివ్వడానికి. దాన్ని తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు ఊరికే రాకుండా కొత్త చేంతాడు ఒకటి కొనేవాళ్ళు. మామయ్య వ్యాపార సూత్రం అదేనని నా అనుమానం.

తాడు కావాలని వస్తే ఆయన వెంటనే ఇచ్చేవాడు కాదు. "దేనికి?" అని అడిగేవాడు. దూడను కట్టేయడానికైతే పలుపు, ఎద్దుల్ని తోలడానికైతే పగ్గం, బరువులు లాగడానికైతే మోకు. తాడు అనే సరుకు మా కొట్టులో అసలు లేనట్టే లెక్క, పని చెబితేనే పేరు. సంక్రాంతికి కుర్రాళ్ళు తాడు లాగే పోటీ పెట్టుకుంటే అదే మోకు చుట్టను మూడు రోజులకు తీసుకెళ్ళేవాళ్ళు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఆటకు విడిగా ఒక తాడు, పనికి ఒక తాడు అని అప్పట్లో ఉండేది కాదు.

మిగతా సగం జవాబు హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఏటా జూన్‌లో బడి తెరవగానే ఆయన ఒక చీటీ పట్టుకుని వచ్చేవారు. వాలీబాలు నెట్టు, నెట్టు బిగించే తీగ, స్తంభాలకు గొట్టాలు, కోర్టు గీతలకు సున్నం, గాలి పంపు, పారలు రెండు, ఆడపిల్లల ఆటకు టెన్నికాయిట్ రబ్బరు రింగులు. ఇందులో ఏది ఆట వస్తువు, ఏది ఇనుప సామాను? వీటి కోసం రెండు కొట్లు తిరిగే ఓపిక మాస్టారికి లేదు, రెండు బిల్లులు పాసు చేయించుకునే ఓపిక అంతకన్నా లేదు. నెట్టు అడిగారు కాబట్టి బంతి తెప్పించాం, బంతి వచ్చింది కాబట్టి బ్యాడ్మింటన్ రాకెట్లు వచ్చాయి, అంతే. సరుకు జలంధర్ నుంచి, మీరట్ నుంచి ఏజెంట్ల ద్వారా వచ్చేది. 1947 విభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి వలస వచ్చిన పనివాళ్ళు ఆ రెండు ఊళ్ళలో స్థిరపడి బ్యాట్లు, బంతుల పనిని అక్కడ నిలబెట్టారు. మా ఊరి కాలువ గట్టున పిల్లలు కొట్టే బంతికి అంత దూరపు కథ ఉందని నాకు అప్పుడు తెలియదు.

అందరూ క్రికెట్ అనుకుంటారు గానీ, మొదట్లో మా కొట్టులో ఎక్కువగా అమ్ముడుపోయింది పసుపుపచ్చ ఊలు బంతులు. బాల్ బ్యాడ్మింటన్‌వి. ఇప్పటి పిల్లల్లో చాలామంది ఆ ఆటను చూసి ఉండరు. తంజావూరు వైపు పుట్టి దక్షిణాది అంతా పాకిన ఆట, వైపుకు ఐదుగురు, కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. బంతి బరువు 27, 28 గ్రాములే. ఊలు చుట్టిన బంతి కాబట్టి మంచులో తడిస్తే బరువెక్కిపోతుంది, ఎండలో ఆడితే పీచు లేస్తుంది. సాయంత్రం ఐదింటికి బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, రైసుమిల్లు లెక్కలు రాసే ఆయన, అందరూ బడి వెనక కోర్టుకు చేరేవాళ్ళు. నేలకు నీళ్ళు చల్లి, గీతలు గీసి, నెట్టు కట్టేసరికే అరగంట పట్టేది.

రాకెట్లు చెక్కవి. వర్షాకాలం వచ్చిందంటే చెమ్మకు చట్రం మెలితిరిగిపోయేది. అందుకని ఆట అయ్యాక రాకెట్‌ను ఒక చెక్క బిగింపులో పెట్టేవారు: రెండు చెక్క చట్రాలు, నాలుగు మూలలా నాలుగు బోల్టులు, వాటికి వింగ్ నట్లు, అంటే పానా లేకుండా వేళ్ళతో తిప్పే రెండు చెవుల నట్లు. ఈ నట్లు తరచుగా పోయేవి. మూడు నట్లతో బిగిస్తే రాకెట్ ఒక మూలకు వంగుతుంది, అసలు బిగించకపోవడమే నయం. నట్టు పోగొట్టుకున్న రైసుమిల్లు ఆయన బోల్టు పట్టుకుని మా కొట్టుకే వచ్చేవారు. మామయ్య ఆ బోల్టు మరను గోటితో ఒకసారి గీరి చూసి, పాత సిగరెట్ డబ్బాల వరసలోంచి ఒక డబ్బా తీసి, బల్ల మీద బోర్లించి, వేలితో కెలికి ఒక నట్టు తీసేవాడు. పెడితే సరిగ్గా పట్టేది. రాకెట్ అమ్మిన కొట్టులోనే దాని నట్టు దొరకడం ఎంత సుఖమో, ఇప్పుడు నాలుగు కిటికీలున్న కొరియర్ ఆఫీసులో వరసలో నిలబడినప్పుడు తెలుస్తోంది.

వాలీబాలు కూడా అంతే. పాత తోలు బంతులకు షూలాగా లేసు ఉండేది. లోపలి రబ్బరు బ్లాడరులోకి పంపుతో గాలి కొట్టి, దాని మెడను మడిచి దారంతో కట్టి, తోలు నాలుక కిందికి తోసి, వంకర సూదితో లేసు లాగాలి. ఆ పని నాకు అప్పజెప్పేవారు. గాలి సరిపోయిందో లేదో చూడటానికి బంతిని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టాలి, మంచి కొబ్బరికాయ మోగినట్టు మోగాలి. ఎక్కడైనా గాలి పోతోందేమో చూడటానికి పెదవులు తడి చేసుకుని కుట్టు వెంబడి బంతిని తిప్పాలి. లేసు ముడి పైకి తేలితే సర్వీసు అందుకున్నవాడి ముంజేతి మీద దద్దుర్లు తేలేవి, మర్నాడు వచ్చి నన్ను తిట్టేవాడు.

ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు గాలాలకు గిరాకీ. నీళ్ళు ఇంకి మడుగులు మిగులుతాయి, మడుగుల్లో కొర్రమీను, జెల్ల. గాలం, నైలాన్ దారం, సీసం గుళ్ళు, అన్నీ మా దగ్గరే. బెండు, ఎర మాత్రం ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. ఇక్కడే నేను మొదటిసారి నవ్వులపాలయ్యాను. పెద్ద చేపకు గాలం కావాలని ఒక పెద్దాయన అడిగితే, అంకె పెద్దది కదా అని 14 నంబరు పొట్లం ఇచ్చాను. ఆయన విప్పి చూసి, "ఏం బాబూ, దోమలు పట్టమంటావా?" అన్నాడు. గాలానికి నంబరు పెరిగితే సైజు తగ్గుతుంది. తీగ కూడా అంతే: 8 నంబరు కంచె తీగ సుమారు 4 మిల్లీమీటర్ల లావు, 20 నంబరు తీగ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తీగను ఎన్ని కంతల గుండా లాగితే అంత సన్నబడుతుంది, అందుకని ఆ వరస. గరుకు కాగితానికీ అదే, 60 నంబరు చర్మం లేపేస్తుంది, 220 నంబరు బుగ్గకు రాసుకోవచ్చు. ఇనుప కొట్టు లెక్కలన్నీ ఇలా తలకిందులుగా ఉంటాయని ఆ వేసవిలో నాకు అర్థమైంది.

ఆ గాలాల డబ్బా మీద ముస్తాద్ అనే నార్వే కంపెనీ పేరు ఉండేది. చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను, ఆ కంపెనీ 1832లో మొదలైంది మేకులు, తీగల తయారీతోనే, గాలాలు చేయడం 1877లో. అంటే మేకులతోపాటు గాలాలు అమ్మడంలో మా మామయ్య కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

క్యారమ్ బోర్డులు అటక మీద ఉండేవి, దసరా, వేసవి సెలవుల్లోనే కిందికి దిగేవి. బోరిక్ పౌడరు మాత్రం ఏడాది పొడుగునా పోయేది. ఇనుప డంబెల్సు కాటా మీద పెట్టి మేకుల్లాగే కిలోల లెక్కన అమ్మేవాడు. బొంగరాలు మా దగ్గర లేవు, అవి తిరునాళ్ళ సరుకు. కానీ బొంగరానికి దిగ్గొట్టే ములికి కోసం పిల్లలు మా కొట్టుకే వచ్చేవాళ్ళు, ఒక్కటంటే ఒక్క మేకు. దానికి డబ్బు తీసుకునేవాడు కాదు.

ఇక క్రికెట్. 1983 జూన్ 25న మనవాళ్ళు లార్డ్స్‌లో ప్రపంచ కప్పు గెలిచారు. ఆ రోజు మా కొట్టులో ఉన్నవి రెండే బ్యాట్లు, అవీ దుమ్ము పట్టి. ఆ దసరాకల్లా దూలానికి వరసగా కాశ్మీర్ విల్లో బ్యాట్లు వేలాడదీశాం. మామయ్య అడిగే ప్రశ్న మారలేదు: "దేనికి? రబ్బరు బంతికా, కార్కు బంతికా?" కార్కు అంటే మాత్రం కుర్రాడి మొహం చూసి, "మీ నాన్నగారికి తెలుసా?" అని కూడా అడిగేవాడు. కార్కు బంతి రాయిలాంటిది, చవక బ్యాటు అంచు పెచ్చులు లేపుతుంది. లేచిన పెచ్చుకు ఫెవికాల్, చుట్టడానికి మైనం పట్టించిన పురికొస, పిడి జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క. అన్నీ ఆ బల్ల మీదే. బ్యాటు ఒకసారి కొంటే దాని చికిత్సకు నాలుగుసార్లు రావాల్సిందే.

నా సొంత బ్యాటు కథ చెప్పి ముగిస్తాను. మామయ్య ఇచ్చాడు, పదో తరగతి సెలవుల్లో. కొత్త బ్యాటుకు అవిసె నూనె పట్టించాలని తెలుసు. కొట్టులో రంగులు కలపడానికి రెండు డబ్బాల నిండా అవిసె నూనె ఉండేది, ఒకటి పచ్చిది, ఒకటి కాచింది. కాచింది త్వరగా ఆరుతుంది, తలుపుల రంగులకు అదే మేలు. త్వరగా ఆరుతుంది కదా, రేపే ఆడొచ్చు కదా అని, మామయ్య భోజనానికి వెళ్ళినప్పుడు నాకు నేనే కాచిన నూనె మూడు పూతలు దట్టంగా వేశాను. నన్ను "దేనికి?" అని అడిగేవాళ్ళు అప్పుడు కొట్టులో లేరు. బ్యాటుకు కావలసింది పైన ఆరే నూనె కాదు, లోపలికి ఇంకిపోయే నూనె. తెల్లారేసరికి బ్యాటు మొహం మీద తేనెరంగు పొర కట్టింది, మా దేవుడి గది తలుపులా మెరిసిపోతోంది. బంతి తగిలినచోటల్లా ఆ పొర చిట్లి లేచింది.

మామయ్య తిట్టలేదు. 60 నంబరు గరుకు కాగితం రెండు, 220 నంబరు ఒకటి చింపి చేతికిచ్చి, వెనక పెరట్లో కూర్చోమన్నాడు. పొర వదలడానికి రెండు పూటలు పట్టింది. తర్వాత పచ్చి నూనె గుడ్డతో పలచగా రాయించి, రాత్రి పడుకోబెట్టించి, వారం రోజులు పాత బంతిని గుడ్డలో చుట్టి, దాంతో బ్యాటును కొయ్య సుత్తితో తట్టినట్టు తట్టించాడు. నేను ఆ పనిలో ఉండగానే డ్రిల్లు మాస్టారు వచ్చి "ఏమిటండీ, మేనల్లుడి చేత తలుపు చేయిస్తున్నారా?" అన్నారు. మామయ్య గరుకు కాగితాల లెక్క నా పేరు మీద పద్దు రాసుకుంటూ, "అవునండీ, బందులు మీరు ఇప్పించండి" అన్నాడు.